రిసీవరు పెట్టెకు ఒక పూర్వకథ

ఎల్బీనగరులో కొత్తగా ఫ్లాటు కొనుక్కున్న మా బావమరిది మొన్న వేసవిలో ఫోను చేసి, "బావా, హోమ్ థియేటరుకు ఒక రిసీవరు కొందామనుకుంటున్నాను. మరీ చవకది వద్దు, మరీ ఖరీదైనదీ వద్దు. నలభై వేల లోపల మధ్యరకంగా ఏది మంచిది?" అని అడిగాడు. పక్కనే ఉన్న మా మామగారు, "రిసీవరేమిట్రా, ఇంట్లో ఫోనే తీయించేశాం గదా!" అనడం నాకు వినిపించింది. ఆయన నల్లగొండ జిల్లాలో ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. రెండు మూడేళ్ళుగా చెవులు మందగించాయి. టీవీ శబ్దం ఎంత పెంచినా, "శబ్దం వినబడుతోంది నాయనా, మాట తెలియడం లేదు" అంటారు. బావమరిది కొనబోయే పెట్టె పైకి చెప్పకపోయినా సగం ఆయన కోసమే.

బావమరిది ప్రశ్నకు నాలుగు మాటల్లో జవాబు చెప్పవచ్చు. మామగారి ప్రశ్నకు మాత్రం తొంభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. నాకు ఆ రెండో పనే ఇష్టం గనుక ముందు అదే చేస్తాను. మొదటిదానికి జవాబు దాని వెంటే వస్తుంది.

రిసీవరు అంటే గ్రహించేది. ఏమి గ్రహిస్తుంది? ఆకాశంలో తిరిగే రేడియో తరంగాలను. ఆ పేరులో ఇంకేమీ లేదు. ఇవాళ దుకాణాల్లో ఏవీ రిసీవరు పేరుతో అమ్మే బరువైన నల్లపెట్టె చేసే పనులు వేరు. టీవీ నుంచో, డిస్కు ప్లేయరు నుంచో వచ్చే ధ్వనిని అందుకుంటుంది, దాన్ని ఐదో ఏడో పాయలుగా విడదీస్తుంది, ఒక్కొక్క పాయకూ బలమిచ్చి దాని దాని స్పీకరుకు పంపుతుంది. వీటిలో దేనివల్లా దానికి ఆ పేరు రాలేదు. లోపల ఒక మూల, ఎవరూ పట్టించుకోని రేడియో ట్యూనరు ఉంటుంది చూశారూ, దానివల్ల వచ్చింది. ట్యూనరు లేకపోతే ఆ పెట్టె వట్టి యాంప్లిఫయరే.

నిజానికి మామగారి తరానికి ఈ మాట కొత్తది కాదు, ఆయన మరిచిపోయారంతే. ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో లైసెన్సు తీసుకోవలసిన రోజులు ఉండేవి. ఏటేటా రుసుము కట్టి ఆ చిన్న పుస్తకంలో బిళ్ళ అంటింపించుకోవాలి. దాని మీద ఉండే పేరు 'బ్రాడ్‌కాస్ట్ రిసీవర్ లైసెన్స్'. 1980ల నడుమ ఆ పద్ధతి రద్దయింది. మా నాన్నగారి పుస్తకం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. అంటే హైదరాబాదులో 1930ల నాటి నిజాం కాలపు రేడియో మొదలుకొని, 1950లో దాన్ని ఆకాశవాణి కలుపుకున్న తరువాత కూడా మన ఇళ్ళలో మోగినవన్నీ సర్కారు లెక్కలో రిసీవర్లే.

అమెరికాలో కథ మరోలా నడిచింది. అక్కడ 1961లో ఎఫ్ఎం స్టీరియో ప్రసారాలకు అనుమతి వచ్చింది. రేడియో ట్యూనరునూ, యాంప్లిఫయరునూ విడివిడిగా కొనే స్తోమత లేనివాళ్ళ కోసం రెంటినీ ఒకే పెట్టెలో బిగించి, స్టీరియో రిసీవరని అమ్మారు. 1970లలో పయొనీర్, మరాంట్జ్, కెన్‌వుడ్, సన్సుయి పేర్లతో వెండిరంగు ముఖమున్న రిసీవర్లు అక్కడి మధ్యతరగతి ఇళ్ళను నింపేశాయి. (మనకు సన్సుయి అంటే టీవీ. ఆ పేరు ఇక్కడికి చేరేసరికి వస్తువు మారిపోయింది.) ఆ తరువాత వచ్చిన సినిమా ధ్వని యంత్రాంగమంతా ఆ పెట్టెలోకే చేరింది, పాతపేరు మాత్రం అలాగే అంటిపెట్టుకుని ఉంది.

మనకు ఈ నడిమి అంకం లేదు. దేశంలో మొదటి ఎఫ్ఎం ప్రసారం 1977లో మద్రాసులో మొదలైంది. అదీ ఎన్నో ఏళ్ళపాటు ఒక వింతగానే ఉండిపోయింది. విదేశీ వస్తువుల దిగుమతి మీద 1991 వరకు గట్టి కట్టడి. గల్ఫు నుంచి వచ్చిన బంధువు తెచ్చిన టూ-ఇన్-వన్నే మా వీధిలో అపురూపం. వాల్వు రేడియో నుంచి ట్రాన్సిస్టరుకు, అక్కడి నుంచి టేపు రికార్డరుకు వచ్చాము. స్టీరియో రిసీవరును ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగరులో ఒక్క ఇంట్లోనూ నేను చూడలేదు. అందుకే ఈ మాట మనకు దాని చరిత్రను వదిలేసి ఒంటరిగా వచ్చింది. మామగారికి టెలిఫోను గుర్తుకు రావడంలో తప్పేమీ లేదు.

రిసీవరు లేని ఆ చోటును నింపినది కోఠీలోని గుజరాతీ గల్లీ. ఈ గల్లీ సంగతి కొంచెం విస్తరంగా చెప్పాలి. చెప్పకుండా నేను ఉండలేను కూడా.

మా మేనమామకు దిల్‌సుఖ్‌నగరులో రేడియో మరమ్మతు దుకాణం ఉండేది. నెలకు రెండుసార్లు మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా కోఠీకి వెళ్ళి విడిభాగాలు తెచ్చుకునేవాడు. సెలవుల్లో నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. ఇరుకైన దుకాణాలు, గోడల నిండా చిన్న చిన్న సొరుగులు, సొరుగుల నిండా రెసిస్టర్లు, కెపాసిటర్లు. రెండు చెవులున్న లోహపు టోపీలాంటి 2ఎన్3055 ట్రాన్సిస్టరు ఆ గల్లీలో రాజు. తరువాత దానికి పోటీగా 4440 ఐసీ వచ్చింది. దాన్ని ఒక చిన్న పలక మీద అతికించి, పన్నెండు వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు కలిపి, రేకు డబ్బాలో బిగిస్తే యాంప్లిఫయరు తయారు. పెళ్ళిపందిళ్ళకూ, వినాయక మంటపాలకూ అహూజావారి పెద్ద యాంప్లిఫయర్లు ఉండేవి. ఇళ్ళకు మాత్రం ఈ గల్లీ డబ్బాలే దిక్కు. దిల్‌సుఖ్‌నగరు నుంచి ఎల్బీనగరు దాకా హాస్టళ్ళలో ఉండి పోటీ పరీక్షలకు చదువుకున్న కుర్రాళ్ళెందరో ఈ డబ్బాల మీదే పాటలు విన్నారు.

ఆ 4440 ఐసీని తయారుచేసిన సాన్యో కంపెనీ కాగితాల ప్రకారం దాని శక్తి రెండు చానెళ్ళకు ఆరేసి వాట్లు. రెంటినీ జోడించి ఒకే చానెలుగా వాడితే పందొమ్మిది. కాని అదే ఐసీ ఉన్న డబ్బా బజారులోకి వచ్చేసరికి దాని మీద మెరిసే అక్షరాలతో '1000 వాట్స్ పీఎంపీఓ' అని ఉండేది. పీఎంపీఓ అంటే ఒక్క క్షణంలో వెయ్యోవంతు పాటు ఎగదన్నగలిగే శక్తి అనుకోండి. అదైనా ఎలా కొలవాలో చెప్పే ప్రమాణమంటూ ఏదీ లేదు. ఎవరికి తోచిన అంకె వారు వేసుకున్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మా మేనమామ ఆ అంకెల వంక కన్నెత్తి చూసేవాడు కాదు. డబ్బాను రెండు చేతులా ఎత్తి, దించి, ధర చెప్పేవాడు. "అల్లుడూ, డబ్బా మీద రాసింది చదవకు, లేపి చూడు" అనేవాడు. అప్పట్లో నాకు అది పెద్దవాళ్ళ చాదస్తంగా తోచింది. తరువాత తెలిసింది. ఆ బరువంతా ట్రాన్స్‌ఫార్మరులోని ఇనుముదీ, రాగిదీ. గోడ నుంచి వచ్చే కరెంటును అదే లోపలికి అందించాలి. కడవలో ఉంటేనే కదా చెంబులోకి వచ్చేది! అరవై వాట్లు తాగే డబ్బా వెయ్యి వాట్లు ఎలా కక్కుతుంది?

ఈ దగా మనకే పరిమితమనుకోకండి. అమెరికాలోనూ 1960లలో ఇదే తంతు నడిచింది. ఒకరు మ్యూజిక్ పవరన్నారు, ఇంకొకరు పీక్ పవరన్నారు. చివరికి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషను 1974లో ఒక నిబంధన తెచ్చింది. ఇంట్లో వాడే యాంప్లిఫయరు శక్తి ఎంతో చెప్పదలిస్తే నిలకడగా ఇవ్వగలిగేది ఎంతో చెప్పాలి, ఏ పౌనఃపున్యాల మధ్య, ఎంత వక్రతతో అన్నది కూడా చెప్పాలి అని. రెండు స్పీకర్ల కాలానికి అది సరిపోయింది. ఐదు, ఏడు స్పీకర్లు వచ్చాక మళ్ళీ సందులు దొరికాయి. అదే కమిషను 2024లో ఆ నిబంధనను సవరించి, కొలత షరతులను మరింత బిగించింది. యాభై ఏళ్ళ తరువాత కూడా కొలతగిన్నెకు ముద్ర వేయవలసి వచ్చిందంటే అంకెల ఆశ ఎంత గట్టిదో చూడండి.

మధ్యరకం రిసీవరు కొనేవాడికి ఇది పాతకథ కాదు. ఉదాహరణకు 2018లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్-వి385 వివరాల పట్టిక తీసి చూడండి. రెండు చానెళ్ళు పనిచేస్తూ, మనిషి చెవికి అందే స్థాయిలన్నిటా, వక్రత నూటికి 0.09 దాటకుండా ఇచ్చేది 70 వాట్లు. ఒక్క చానెలే పనిచేస్తూ, ఒక్క స్థాయి దగ్గర, వక్రత 0.9 దాకా ఒప్పుకుంటే 100. వక్రత నూటికి పది దాకా పోనిస్తే 135. మూడు అంకెలూ నిజమే, మూడూ ఒకే పెట్టెవి. కంపెనీ మూడింటినీ దాచకుండా అచ్చువేసింది. మనకు మొదటిదే కావాలి. దుకాణంలో చీటీ మీదికి మాత్రం ఎప్పుడూ ఆఖరిదే ఎక్కుతుంది.

పైగా 70కీ 135కీ చెవికి తెలిసే తేడా ఎంత? శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెళ్ళే. శబ్దం రెట్టింపయినట్టు అనిపించాలంటే శక్తి పదింతలు కావాలి. మా బావమరిది హాలు పదకొండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు. అంత గదిలో మామూలు స్పీకర్లతో హాయిగా సినిమా చూడటానికి చాలాసేపు పావు వాటు చాలు. ఉరుము ఉరిమినప్పుడు దానికి వందరెట్లు కావాలన్నా పాతిక వాట్లే. ఈ లెక్క చెబితే అతను నమ్మలేదు. "మరైతే ఇంతింత పెట్టెలెందుకు బావా?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే.

ఆ పెట్టెల్లో వాట్లకన్నా విలువైన సరుకు మరొకటి ఉంది. నడిమి గొంతు. దాని చరిత్ర నాకు చాలా ఇష్టం. 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలో వాద్యబృందం వాయిస్తూ ఉంటే, బెల్ ప్రయోగశాలవారు ఆ సంగీతాన్ని టెలిఫోను తీగల మీద వాషింగ్టనుకు పంపి అక్కడి సభలో వినిపించారు. వాద్యబృందం ముందు మూడు మైకులు, అక్కడ వేదిక మీద మూడు స్పీకర్లు. కుడి ఎడమలు రెండూ చాలవని, నడుమ ఒకటి ఉండాలని వారికి ఆనాడే తెలుసు. సినిమాహాళ్ళు ఆ నడిమి స్పీకరును తెర వెనుక ఉంచుకున్నాయి, ఎందుకంటే పాత్రల మాట తెర మీది నోటి నుంచే రావాలి కదా. ఇళ్ళకు వచ్చిన గ్రామఫోను రికార్డులో మాత్రం రెండు పాయలకే చోటున్నది గనుక నడిమిది జారిపోయింది. 1977లో 'స్టార్ వార్స్' డాల్బీ స్టీరియోతో లోకాన్ని ఊపేసిన తరువాత, 1982లో ఆ విద్య డాల్బీ సరౌండ్ పేరుతో ఇళ్ళకు వచ్చింది, నడిమి గొంతు లేకుండానే. 1987లో ప్రో లాజిక్ వచ్చాక గాని ఇంట్లో దానికి చోటు దొరకలేదు. 1992లో డాల్బీ డిజిటల్, 1993లో డీటీఎస్, 1996 చివర జపానులో డీవీడీ వరసగా వచ్చి మనం 5.1 అంటున్న ఏర్పాటును స్థిరపరిచాయి.

తెలుగులో మొదటి 70 ఎంఎం సినిమా కృష్ణగారి 'సింహాసనం' 1986లో ఆరు ట్రాకుల స్టీరియో ధ్వనితో వచ్చింది. అప్పటిదాకా ఒక్క గొంతుతో పలికిన తెర ఆరు గొంతులతో పలికేసరికి కలిగిన విస్మయం ఈనాటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. తరువాతి దశాబ్దంలో పేటలోని మామూలు హాళ్ళకూ డీటీఎస్ పెట్టెలు వచ్చాయి. కోణార్క్, వెంకటాద్రి, మేఘ, గంగ, ఎల్బీనగరులో విజయలక్ష్మి... మా వాళ్ళు సినిమా పేరుతో పాటు హాలులో సౌండు ఎలా ఉందో కూడా అడిగి మరీ వెళ్ళేవారు. శబ్దం పెద్దదైతే మంచిదన్న నమ్మకం మాలో అక్కడే పాతుకుంది.

ఆ నమ్మకం మా ఇంట్లో ఒకసారి బీటలు వారింది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగరులో రెండు బాంబులు పేలాయి, ఒకటి కోణార్క్ ఎదురుగా, ఒకటి వెంకటాద్రి పక్కన. మా కిటికీలు అదిరాయి. ఆ తరువాత ఏడాదికి పైగా మా ఇంట్లో సబ్‌వూఫరు తీగ ఊడదీసే ఉంచాము. ఎవరూ వద్దనలేదు, ఎవరూ పెట్టమనీ అనలేదు.

పోయిన నెల బావమరిదితో కలిసి దుకాణాలకు వెళ్ళాను. ఎక్కడికి వెళ్ళినా అద్దాల గదిలో కూర్చోబెట్టి పేలుళ్ళ దృశ్యమే వేస్తారు. ఒకచోట కుర్రాణ్ణి, "ఇద్దరు మనుషులు మెల్లగా మాట్లాడుకునే దృశ్యం ఏదైనా వేయండి" అని అడిగాను. అతను నన్ను విచిత్రంగా చూసి, వెతికి వేశాడు. అంతసేపూ గొప్పగా ఉరిమిన పెట్టెల్లో ఒకటి మాటల దగ్గర ముక్కుతో పలికింది. తప్పు రిసీవరుది కాదు. దాని జతగా పెట్టిన నడిమి స్పీకరు అగ్గిపెట్టెంత ఉంది.

మామగారి కష్టం సరిగ్గా ఇక్కడే ఉంది. వయసుతో ముందు తగ్గేది సన్నని, హెచ్చుస్థాయి ధ్వనులను పట్టే శక్తి. అచ్చులు బలంగా, దిగువ స్థాయిలో ఉంటాయి. స, శ, త, ప వంటి హల్లుల రేకులు పైస్థాయిలో, బలహీనంగా ఉంటాయి. శబ్దం పెంచితే అచ్చులు మరింత మోగుతాయి, హల్లులు వాటి కింద పడి నలుగుతాయి. శబ్దం ఉండి మాట లేకపోవడమంటే అదే. దానికి తోడు పలచని టీవీలు వచ్చాక స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగిపోయాయి. మన ఈసీఐఎల్ వారి ఈసీ టీవీ గుర్తుందా, తలుపులున్న చెక్కపెట్టె? బొమ్మ నలుపు తెలుపే కాని, స్పీకరు మనవైపు చూసేది. ఆ రోజుల్లో దూరదర్శనులో వార్తలు చదివినవారి మాట ఒక్క అక్షరం పోకుండా వినబడింది. అది చెవుల వయసు ఒక్కటే కాదు.

కాబట్టి నేను చెప్పిన సలహా ఇది. ఏడు స్పీకర్లు వద్దు, పైకప్పులో అట్మాస్ స్పీకర్లూ వద్దు. అట్మాస్ 2012లో హాళ్ళకు, 2014లో ఇళ్ళకు వచ్చిన మంచి విద్యే కాని, తక్కువ ఎత్తు హాలులో ఫాల్సు సీలింగు కోసి బిగించడానికయ్యే డబ్బు నడిమి స్పీకరుకు పెట్టమన్నాను. రిసీవరు 5.1 చాలు. అందులో చూడవలసినవి రెండు మూడే. ఒక్కొక్క స్పీకరు స్థాయిని విడిగా పెంచుకునే వీలుండాలి, నడిమిదాన్ని మూడు నాలుగు డెసిబెళ్ళు ఎత్తుకోవడానికి. రాత్రివేళ పెద్ద శబ్దాలను అణచి చిన్నవాటిని లేపే మీట ఉండాలి. మైకు పెట్టి గది స్వభావాన్ని కొలిచే ఏర్పాటు కూడా ఉంటే మంచిది. గచ్చు పలకల నేల, ఖాళీ గోడలు ఉన్న మన ఫ్లాట్లలో మాట నాలుగు మూలలా తగిలి ముద్దయిపోతుంది. దానికి యంత్రం కొంత చేస్తుంది, మిగతాది ఒక జంపఖానా, రెండు మందపాటి పరదాలు చేస్తాయి. టీవీ ధ్వనిని వెనక్కి తెచ్చే హెచ్‌డీఎంఐ దారి ఉందో లేదో కూడా చూసుకోవాలి, అది లేకపోతే పెద్దవాళ్ళకు మూడు రిమోట్ల అవస్థ.

ఇక కంపెనీ పేరు. పేరును బట్టి కొనే కాలం పోయిందని నా అభిప్రాయం. ఓంక్యో గృహధ్వని సంస్థ 2022లో దివాలా తీసింది, ఆ పేరు ఇతరుల చేతికి వెళ్ళింది. డెనాన్, మరాంట్జ్ చేతులు మారి మారి 2025లో సామ్‌సంగ్ కిందనున్న హర్మన్ దగ్గరికి చేరాయి. అందువల్ల ఊళ్ళో మరమ్మతు చేసేది ఎవరో ముందు కనుక్కోమన్నాను. మా మేనమామ ఉన్నరోజుల్లో ఏ డబ్బా చెడినా 2ఎన్3055 మార్చి సాయంత్రానికి ఇచ్చేసేవాడు. ఇప్పటి పెట్టెలో హెచ్‌డీఎంఐ పలక పోతే పలకకు పలక మార్చడమే. అది దొరకకపోతే పెట్టె మొత్తం బరువైన ఇనుమే.

బావమరిది చివరికి నేను చెప్పిన తరగతిలోనే ఒకటి కొన్నాడు. కొనే ముందు నేను అలవాటుగా దాన్ని రెండు చేతులా ఎత్తి దించాను. దుకాణంవాడు, "సార్, జాగ్రత్త" అన్నాడు.

బిగించిన రోజు మామగారు 'మాయాబజార్' పెట్టమన్నారు. 1957 నాటి సినిమా, ధ్వని ఒకే పాయ. 2010లో హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థ దానికి రంగులద్ది, ధ్వనిని డీటీఎస్‌గా మలిచి మళ్ళీ విడుదల చేసింది. ఆయనకు మాత్రం పాత నలుపు తెలుపుదే కావాలి. నేను ప్రో లాజిక్ వంశపు మీట నొక్కాను. రెండువైపులా ఒకటే ధ్వని ఉంటే దాన్ని నడుమకు పంపడం ఆ విద్య స్వభావం. నాలుగు స్పీకర్లూ నిశ్శబ్దమైపోయి, మొత్తం సినిమా తెర కిందనున్న ఒక్క స్పీకరులోంచి వచ్చింది. బావమరిది ముఖం వాడిపోయింది. మామగారు కుర్చీలో ముందుకు వంగి, ఎవరితోనూ మాట్లాడకుండా గంటసేపు విన్నారు. మధ్యలో ఒకసారి, "ఆ 'స' వినబడిందిరా" అన్నారు.

సినిమా ఆపాక నేను పెట్టె పేరు కథంతా ఆయనకు చెప్పాను. మొత్తం విని, "అయితే ఇందులో రేడియో వస్తుందన్నమాట" అన్నారు. అట్టపెట్టె అడుగున పొట్లంలోనే ఉండిపోయిన సన్నని తీగ ఏంటెన్నాను తీసి, వెనుక బిగించి, కిటికీ చువ్వకు చుట్టాము. 102.8 దగ్గర వివిధ భారతి పలికింది. ఇప్పుడు ఆ పెట్టె రోజుకు ఐదారు గంటలు మోగుతోంది. సినిమాలు ఆదివారం మాత్రమే.